అత్తను తన్నని కోడలు

ఆ రోజుల్లో నడుము పట్టేస్తే దవాఖానకు పోవాలన్న ఆలోచన మా బోధన్ పల్లెల్లో ఎవరికీ వచ్చేది కాదు. ఎదురుకాళ్లతో పుట్టిన మనిషిని వెతుక్కుంటూ పోయేవారు. తలకు బదులు కాళ్లు ముందు వచ్చి పుట్టినవాళ్లు నడుము మీద మెల్లగా మూడు తన్నులు తంతే పట్టు వదులుతుందని నమ్మకం. నేను అలా పుట్టాను. (మా అమ్మ ప్రాణం మీదికి తెచ్చిన పుట్టుక అది, ఊరికి మాత్రం పనికొచ్చింది.) ఇప్పుడు నిజామాబాద్‌లో వెన్నుపూసలు సర్దే కైరోప్రాక్టర్లు వస్తున్నారట. వాళ్లకంటూ మన దేశంలో వేరే చట్టం లేదని, డాక్టరు చదువు లేకుండా మందులు రాయకూడదని, సూదులు వేయకూడదని మనవరాలు ఫోన్‌లో చదివి వినిపిస్తుంటే నాకు నవ్వొచ్చింది. ఆ పాఠం నాకు పెళ్లయిన ఏడాదే అయింది.

నేను కాపురానికి వచ్చేసరికి చెరుకు నరికే కాలం. వంగి వంగి నడుములు పట్టిన జనం పొద్దున్నే మా గడప ముందు బోర్లా పడుకునేవారు. కొత్త కోడలినై ఉండి, మామ వరసవాళ్లను కూడా తన్నాల్సి వచ్చేది. ముందు దండం పెట్టి, తర్వాత తన్నేదాన్ని. మా మరిది ఇదంతా చూసి, తలుపులకు వేయగా మిగిలిన రంగుతో రేకు మీద 'నడుము డాక్టరమ్మ' అని రాసి వాకిట్లో వేలాడదీశాడు. రంగు దండగ చేశాడని నాకు కోపం, పేరు చూసి లోలోపల సంతోషం.

ఒకరోజు టీకాలు వేయడానికి వచ్చిన సర్కారు డాక్టరమ్మ ఆ రేకు చూసి జీపు ఆపించింది. నన్ను పిలిచి ఎగాదిగా చూసింది.

"నువ్వేనా డాక్టర్‌వి? ఏం చదివినవ్?"

"మూడో తరగతి పాసైన."

"డాక్టర్ చదువు లేకుండా గట్ల రాసుకుంటే కేసైతది, తెలుసా? మందులియ్యొద్దు, సూదులెయ్యొద్దు, మెడ జోలికి అసలే పోవద్దు. కింద పడ్డోళ్లను, కాళ్లు తిమ్మిరెక్కినోళ్లను కాలితోని ముట్టకు, దవాఖానకు తోలు. నీ తన్నుతోని మనిషి లేవకపోతే నువ్వే జైలుకు పోతవ్."

"గది నేను రాసిన మేడమ్, వదినకు తెల్వదు," అంటూ మరిది రేకును వీపు వెనక దాచుకున్నాడు. (పారేయనివ్వలేదు నేను, నీళ్ల గోలేనికి మూత చేశాను.)

నెల తిరగకముందే మా అత్త నిజాంసాగర్ కాలువ గట్టు మీద చెరుకు మోపుతో జారి వెల్లకిలా పడింది. నలుగురూ మోసుకొచ్చి గడప ముందు పడుకోబెట్టారు.

"తన్నవే పిల్లా," అంది మూలుగుతూ.

"కాళ్లు తిమ్మిరున్నయా అత్తమ్మా?"

"మోకాళ్ల కింద సోయే లేదు. నువ్వు తన్ను, అదే వస్తది."

"నేను తన్న. దవాఖానకు పోదాం."

మూలుగు ఆగిపోయింది. "ఊరందరినీ తన్నినవ్, నీ మొగుని మేనమామను తన్నినవ్. నన్ను తన్ననీకి నీకు కాలు లేస్తలేదా?" అని ఏడుపు అందుకుంది. వాడకట్టంతా వచ్చింది. అత్తను తన్నమని కోడలిని బతిమాలిన ఊరు మాదొక్కటే అయి ఉంటుంది. "పాపం ముసల్ది, ఒక్కటన్న తన్నరాదే," అంది పక్కింటి అవ్వ. "మా అమ్మంటే నీకు మొదటిసంది పగనే," అన్నాడు మా ఆయన. నేను గడపకు అడ్డంగా నిలబడి, "బండి కట్టుండ్రి. లేకుంటే నేను మా అమ్మగారింటికి పోత," అన్నాను. అత్త మీద ప్రేమ ఎక్కువో, జైలు భయం ఎక్కువో ఆ క్షణాన నాకే తెలియదు.

బోధన్ దవాఖానలో అదే డాక్టరమ్మ. ఎక్స్‌రే చూసి, వెన్నుపూస చిట్లిందని, మీద ఒక్క తన్ను పడి ఉంటే కాళ్లు రెండూ పోయేవని చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, "తన్నలేదు గదా?" అంది. తల అడ్డంగా ఊపాను. "మంచి పని చేసినవ్," అని భుజం తట్టింది. నా చదువుకు దొరికిన సర్టిఫికెట్ అదొక్కటే.

చాలా రోజులు చెక్క మంచం మీద ఉండి అత్త లేచింది, నడిచింది, నాతో మళ్లీ కొట్లాడింది. చుట్టాల ఇళ్లలో మాత్రం "మా కోడలు నన్ను తన్నలే, గందుకే నడుస్తున్న," అని గొప్పగా చెప్పుకునేది. కథ తెలియనివాళ్లు మా ఇంట్లో రోజూ తన్నులే అనుకునేవారు. డాక్టరమ్మ బదిలీ మీద ఎటో పోయింది. ఆమెకు సరిగా దండమైనా పెట్టలేకపోయాను. ఆమె పుణ్యాన అత్త చివరిదాకా ఎవరి చేయీ పట్టుకోకుండా నడిచింది. నేనేమో ఇప్పుడు మంచం దిగడానికి మనవరాలి భుజం వెతుక్కుంటున్నాను. నిలబడ్డాక అత్త నడక గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఆ కాళ్లతో ఇల్లంతా నా వెంట తిరుగుతూ తిట్టిన తిట్లు ఇంకోసారి వినాలనిపిస్తుంది.