భయంతోనే కుట్టిన క్రిస్మస్ చెట్టు బొంత

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఫోను మోగితే చాలు గుండె గొంతులోకి వచ్చినట్టయి, చేతిలో ఉన్నది జారవిడిచి గోడ పట్టుకొని నిలబడే స్థితిలో నేను రెండేళ్లు బతికాను, ఆ రెండేళ్లలో మనసారా నవ్వింది లేదు, కడుపునిండా తిన్నది లేదు, అందులోనుంచి నన్ను బయటికి తీసిన దేవుని గురించి చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను. నా పేరు సలోమి. పుంగనూరులో మా ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకొని జాకెట్లు కుడతాను. నా భర్త దేవదాసు పాల వ్యాను నడుపుతాడు. మాకు ఒక్కతే కూతురు, శాంతి, పెళ్లయి కుప్పంలో ఉంది.

శాంతికి అప్పుడు మొదటి కాన్పు, ఏడో నెల. పెళ్లిళ్ల కాలం కావడంతో నా మిషను పక్కన గుడ్డలు కుప్పగా పడి ఉన్నాయి. ఒక రోజు పొద్దున శాంతి ఫోను చేసి, "అమ్మా, నిన్నటినుంచి బిడ్డ మెదిలినట్టే లేదు" అంది. నేను మిషను ఆపనైనా ఆపకుండా, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకొని, "ఏం కాదులే, కొంచేపు పండుకో, మెదులుతాది" అన్నాను. అంతే సహోదరులారా, ఆ ఒక్క మాట! నా బిడ్డ తల్లి మాట నమ్మి పడుకుంది. మరునాడు ఆసుపత్రికి పోయేసరికి కడుపులోని బిడ్డ గుండె ఆగిపోయి ఉంది.

ఆ ఫోను సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నా భర్తకు చెప్పలేదు, పాస్టరు గారికి చెప్పలేదు. శాంతి కూడా ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. అది ఎత్తకపోవడమే నాకు ఇంకా భయంగా ఉండేది. రోజులు గడిచేకొద్దీ ఛాతీ పట్టేసేది, చెమటలు పోసేవి, సూదిలో దారం ఎక్కించాలంటే చేతులు వణికేవి. గుడ్డలిచ్చిన వాళ్లు మొహమాటంగా వెనక్కి తీసుకెళ్లారు. బస్సు ఎక్కాలంటే ఊపిరి ఆడేది కాదు, కుప్పం పోవడం మానేశాను. సంఘంలో అందరూ నా మీద చేతులుంచి ప్రార్థన చేస్తే ఆమేన్ అనేదాన్ని గాని, లోపల మాత్రం, ఈ నోరు ఏం చేసిందో తెలిస్తే వీళ్లు నా మీద చెయ్యి పెడతారా అనుకొనేదాన్ని. నా భర్త మదనపల్లెలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. గుండె బాగానే ఉంది, ఇది ఆందోళన జబ్బు అని ఆమె చెప్పి మాత్రలు ఇచ్చింది. మాత్ర వేసుకుంటే విశ్వాసం లేనట్టు అనుకొనే వాళ్లు మనలో ఉన్నారు గనుక చెబుతున్నాను, ఆ డాక్టరమ్మను చూపించింది కూడా దేవుడే!

ఇంతలో శాంతికి మళ్లీ నెల తప్పింది. ఆ కబురు అది నాకు చెప్పలేదు, వాళ్ల నాన్నకు చెప్పింది. సంతోషించాల్సిన దాన్ని, వంటగదిలో కింద కూలబడ్డాను.

నా భర్త అక్క, మా వదిన లీలమ్మ, మదనపల్లెలో కుట్టు టీచరుగా చేసి రిటైరైంది. డాక్టరమ్మ దగ్గరికి పోయినప్పుడల్లా ఆమె ఇంట్లోనే దిగేవాళ్లం. వాళ్ల సంఘంలో ఆడవాళ్లు క్రిస్మస్‌కు తలా ఒక చిన్న బొంత కుట్టి, ఆ నెలలో పుట్టే పసిబిడ్డలకు ఇవ్వాలని తీర్మానించారు. వదిన నా ముందు కాగితాలు, గుడ్డముక్కలు పెట్టింది. పసిబిడ్డ అన్న మాట వినగానే వాటిని పక్కకు నెట్టేశాను.

"నా వల్ల కాదు ఒదినా. బిడ్డ గుడ్డలు నేను ముట్టను."

"బిడ్డకని కుట్టొద్దులే. చెట్టు కుట్టు. ఈ కాగితం మీద గీతలుండాయి, ఆ గీతల మీదనే మిషను పోనీ, సాలు."

ఆ పని నాకు కొత్త. కాగితం మీద క్రిస్మస్ చెట్టు బొమ్మ గీసి, ఏ ముక్క తర్వాత ఏది కుట్టాలో అంకెలు వేసి ఉంటాయి. గుడ్డ కాగితానికి వెనక ఉంటుంది, మనం ముందునుంచి గీత మీద కుడతాం. ఒకటో ముక్క మీద రెండో ముక్క బోర్లించి, కాగితం తిప్పి, గీత వెంట చిన్న చిన్న కుట్లు వేసి, తెరిచి గోటితో గీరి అణచి, పావు అంగుళం ఉంచి మిగతాది కత్తిరించాలి, తర్వాత మూడో ముక్క. కుట్లు చిన్నవైతేనే చివర్లో కాగితం సులువుగా చిరిగి వస్తుంది. నా చేతులు వణుకుతున్నా గీత కళ్లముందే ఉంది గనుక మిషను తప్పలేదు. ఆ రోజు నాలుగు ముక్కలు కుట్టాను. రెండేళ్లలో నేను పూర్తిచేసిన మొదటి పని అది!

వారం తర్వాత మళ్లీ పోయి కూర్చున్నప్పుడు, ఆకుపచ్చ ముక్క ఒకటి కురచైపోయి, తెరిచి చూస్తే కొమ్మ దగ్గర సందు పడింది. కుట్టు విప్పబోతే కాగితం కూడా చిరిగింది. నేను మిషను మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాను.

"కాగితానికి యాల ఇంత ఏడుస్తాండావు?" అంది వదిన.

అప్పుడు నా నోటినుంచి అంతా బయటికి వచ్చేసింది. శాంతి ఫోను, నేనన్న మాట, అంతా! వదిన నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "ఈ మాట దేవునికి సెప్పినావా?" అని అడిగింది.

"లేదు."

"మరి రెండేండ్లు ఏమని ప్రార్థన సేసినావమ్మా?"

అక్కడే మోకరించి, "తండ్రీ, నా బిడ్డ పిలిస్తే నేను పని ఆపలేదు, నన్ను క్షమించు, నాకు భయంగా ఉండాది, నన్ను ఒంటరిగా వదలొద్దు" అని ప్రార్థించాను. మెరుపులేమీ రాలేదు. చేతుల వణుకూ పోలేదు. కాని ఛాతీలోకి గాలి పూర్తిగా పోయినట్టు అనిపించింది. ఇంటికి పోతూ దారిలో నా భర్తకు చెప్పాను. "ఇంత బరువు ఒక్కదానివే మోసినావా?" అన్నాడు. చిరిగిన కాగితానికి వదిన టేపు అంటించి ఇచ్చి ఉంది, మా ఇంట్లో మిషను మీద చెట్టు పూర్తి చేసి, వెనక కాగితం తీయకుండానే సంచిలో పెట్టాను. శాంతికి మాత్రం చెప్పే ధైర్యం రాలేదు.

డిసెంబరులో ఒక పొద్దున, శాంతికి ఎనిమిదో నెల దాటింది, ఫోను మోగింది. "అమ్మా, బిడ్డ సరిగ్గా మెదల్లేదు" అంది. సహోదరులారా, ఈసారి పండుకోమనలేదు! "ఇప్పుడే ఆసుపత్రికి పో, అల్లుడికి నేను సెప్తా, నువ్వు నిలబడొద్దు, నేను వస్తాండా" అన్నాను. నా భర్త వ్యాను తీసుకొని పోయి ఉన్నాడు. నేను దొరికిన సంచి పట్టుకొని పలమనేరు బస్సెక్కాను.

బస్సు కదలగానే ఛాతీ పట్టేసింది. దిగిపోదామని లేచాను కూడా. పట్టుకోవడానికి ఏమైనా దొరుకుతుందేమోనని సంచిలో చెయ్యి పెడితే, వెనక కాగితం ఇంకా తీయని చెట్టు తగిలింది. కూర్చొని ఒక్కొక్క కాగితం ముక్కా చింపడం మొదలుపెట్టాను, చింపినప్పుడల్లా "యేసయ్యా, శాంతి, యేసయ్యా, బిడ్డ" అనడం, అంతకు మించి ప్రార్థన రాలేదు. పలమనేరులో బస్సు మారాను, వి.కోట దాటింది, నా ఒడినిండా కాగితం తునకలు. పక్కన కూర్చున్న ముసలామె కొంగు పట్టి ఆ తునకలు అందులో ఏరి వేసుకుంది.

నేను కుప్పం చేరేసరికి ఆపరేషను అయిపోయింది. ఆలస్యం చేసి ఉంటే కష్టమయ్యేదని డాక్టరు చెప్పాడు. ఆడబిడ్డ. చాలా చిన్నది. తొమ్మిది రోజులు గాజుపెట్టెలో ఉంచారు, ఆ తొమ్మిది రోజులూ ఒక్కొక్క గంటా భయంతోనే గడిచింది, వరండాలో కూర్చొని చెట్టు గుడ్డ కింద దూది, లైనింగు పెట్టి చేత్తోనే బొంత కుట్టాను. పదో రోజు బిడ్డను ఆ బొంతలో చుట్టి తల్లి పక్కన పడుకోబెట్టారు. దేవునికి స్తోత్రం!

ఆ సాయంకాలం శాంతి చెయ్యి పట్టుకొని అడిగాను. "అప్పుడు పండుకోమని నేనే సెప్పినా. నన్ను తప్పు పట్టినావా తల్లీ?"

లేదంటుందని అనుకున్నాను. అది నా కళ్లలోకి చూసి, "పట్టినానమ్మా. శానా దినాలు పట్టినా. నువ్వు ఒక్కసారైనా అడుగుతావేమోనని సూసినా" అంది. ఇద్దరం ఏడ్చాం. తర్వాత అదే నా తల తన భుజం మీదికి లాక్కుంది.

సహోదరులారా, భయం నాకు పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. మాత్రలు ఇంకా వేసుకుంటున్నాను, కొన్ని రోజులు కష్టంగానే ఉంటాయి. కాని ఆ భయంలో నేను ఇప్పుడు ఒంటరిగా లేను, దాచుకున్నది ఏమీ లేదు. ఇక్కడ కూర్చున్న వారిలో ఎవరైనా ఒక మాటను ఏళ్ల తరబడి లోపలే మోస్తూ, పాటలు పాడుతూ, ఆమేన్ అంటూ ఉంటే, దయచేసి ఈ రోజే దాన్ని మన తండ్రి ముందు పెట్టండి, ఆయన విని తోసివేసేవాడు కాడు. ఆ తర్వాత లేచి, ఆ మాట వల్ల నొచ్చుకున్న మనిషి దగ్గరికి కూడా వెళ్లండి. వెళ్లడానికి కాళ్లు వణికితే నాతో చెప్పండి, నేను మీతో నడిచి వస్తాను. నన్ను నడిపించిన దేవునికే మహిమ!