పన్నెండు చింతగింజలు

“ఫ్రీజర్ స్విచ్ కట్టేసింది మీరే కదా అత్తయ్యా?”

“వాషింగ్ మెషీన్‌ది అనుకున్నాను. ఎర్రదీపం ఊరికే వెలుగుతుంటే చూస్తూ ఊరుకోమంటావా?”

“లోపలున్నదంతా కరిగి నీళ్ళయింది. ఇకనుంచి కిచెన్‌లో ఏదీ ముట్టుకోకండి. నేను చూసుకుంటాను.”

“ముట్టుకోను. నలభై ఏళ్ళు వండినదానికి నువ్వు చెప్పేదాకా వచ్చిందన్నమాట. మావాడితో చెప్పి రేపే మన ఊరికి టికెట్ తీయించు.”

ఆ మాట అంటూనే నా స్టీలు డబ్బాలు సర్దుకుందామని ప్రెస్ తలుపు తీశాను. గోడ అల్మారాను ఈ దేశంలో అలాగే అంటారు. వెనకెక్కడో ఉన్న రేకు డబ్బా మూత ఊడి, వేయించిన బార్లీ వాసన గుప్పున కొట్టింది. అందులో పన్నెండు చింతగింజలు.

ఆ డబ్బా కిమికోగారిది. చెర్రీవుడ్‌లో మా పక్క ఫ్లాట్‌లో ఉండి, నిరుడు దీన్ని నాకిచ్చి కూతురితో జపాన్ వెళ్ళిపోయింది. మొదటిసారి నేను ఆవిడ తలుపు కొట్టింది దెబ్బలాడటానికే. పొద్దున పదింటికి గోడ అవతల బాకాలు, డప్పులు, కేకలు. చూస్తే టీవీలో బేస్‌బాల్. వాళ్ళ దేశంలో అప్పుడు సాయంత్రమట. ఆవిడ నన్ను కూర్చోబెట్టి బార్లీ టీ పోసింది. నా చదువు నాలుగో తరగతి, ఆవిడ ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆ ఆట ఎలా నడుస్తుందో చెప్పాలని కాగితాల మీద కాగితాలు గీసి పారేస్తుంటే చూడలేక, మర్నాడు నేను కడిగి దాచిన చింతగింజలు పట్టుకెళ్ళాను.

ఆవిడ వాటిని ఆరేసి చొప్పున రెండు వరసలు పేర్చింది. పన్నెండు జట్లు, రెండు లీగులు. ఎక్కువగా ఏ వరసవాళ్ళు ఆ వరసలోనే ఆడుకుంటారు. చివరికి వరసకు మూడేసి మిగులుతాయి. వాటిలో ఒక్కొక్కటి నెగ్గి, ఆ రెండూ తలపడతాయి. అట్టడుగున ఉన్న గింజను నేను బల్ల కిందికి తోశాను. ఆవిడ వంగి తీసి, మళ్ళీ అక్కడే పెట్టింది. దీన్ని తీసెయ్యరా అని సైగలతో, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో అడిగితే, తీసెయ్యరు, వచ్చే ఏడు మళ్ళీ ఆరింటిలో ఒకటి అంది. అంత మెత్తగా ఉంటే ఆట ఎలా సాగుతుందో నాకు అర్థం కాలేదు. అందుకే రోజూ పదింటికి వెళ్ళి అడుగుతూనే ఉండేదాన్ని.

బంతి విసిరేవాళ్ళలో ఆవిడకు ఇష్టమైన కుర్రాడొకడు వరసగా మూడు ఆటలు పాడుచేశాడు. మర్నాడు కనబడలేదు.

“ఇంటికి పంపేశారా?” అన్నాను, పంపాల్సిందే అన్నట్టు.

“లేదు, రెండో జట్టుకు దింపారు. ప్రతి జట్టుకీ కింద ఇంకొకటి ఉంటుంది. దింపాక పది రోజులు పైకి పిలవకూడదు.”

“ఆ పది రోజులూ మొహం ఎక్కడ పెట్టుకుంటాడు?”

“మొహమా? అక్కడా ఆట ఉందిగా. బంతి వేస్తాడు.”

పదకొండో రోజు అతను వచ్చాడు. ఆవిడ నా కప్పులో ఇంకాస్త టీ పోసింది, అంతే.

నేను మా తోడికోడలితో మాట మానేసి ఇరవై ఏళ్ళు. దానికీ ఒక గడువు పెట్టుకోవచ్చని అప్పటిదాకా నాకు తట్టలేదు.

డబ్బాకు మూత బిగించి మళ్ళీ ప్రెస్‌లోనే పెట్టాను. టికెట్ మాట ఇక ఎత్తలేదు.

మర్నాడు పొద్దున నేను పొయ్యి దగ్గరకు వెళ్ళలేదు. ఎర్రదీపాల జోలికీ పోలేదు. బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీశాను. ఆఫీసుకు బయల్దేరుతూ కోడలు ఆగి, సాయంత్రం కూర ఎలా చెయ్యమంటారని అడిగింది.

“నీ ఇష్టం. పది రోజులు వంట నీది. పదకొండో రోజు పొయ్యి నాది.”

“అలాగే అత్తయ్యా,” అని లువాస్ ట్రాము ఎక్కడానికి వెళ్ళింది. నేను మిగిలిన కాయలు ఒలిచాను.