యంత్రం నమ్మిన కోతలు

ఆఫీసులో అందరూ అతన్ని కోతల బావ అనేవారు. తన గొడుగు చూసి జడిసి వాన ఆగిపోయిందని చెప్పే రకం. వినేవాళ్లు నవ్వేవారు, నమ్మినవాడు మాత్రం లేడు.

ఆ కంపెనీ వాళ్లు తయారుచేసేవి ఏజెంట్లు. అంటే కస్టమర్లతో మాట్లాడి పనులు చక్కబెట్టే సాఫ్ట్‌వేర్. ఒక్కోదాన్నీ మొదటినుంచి రాస్తూ కూర్చోరు. పలకరించే ముక్క, ప్రశ్నలడిగే ముక్క, బిల్లు వేసే ముక్క ముందే రాసి పెట్టుకుంటారు. ప్రతి ముక్కకూ ఓ లేబుల్. కొత్త బేరం రాగానే కూర్పు ప్రోగ్రాం ఆ లేబుళ్లు చదివి, కావలసినవి ఏరుకుని, తనంతట తానే అతికేస్తుంది.

బావ ఓ పళ్ల డాక్టరు కోసం ప్రశ్నలడిగే ముక్క రాశాడు. లేబుల్ మీద మాత్రం "ముల్లోకాల్లో దీనికి సాటి లేదు, ఏ పనికైనా ఇదే దిక్కు" అని దంచాడు. పాపం, ఆ ప్రోగ్రాంకి బావ సంగతి తెలీదు. అక్షరం అక్షరం నమ్మేసి, ప్రతి ఏజెంటుకూ ఆ ముక్కే అతికించింది.

చెప్పుల దుకాణం ఏజెంటు "నొప్పి ఎప్పటినుంచి?" అంది. అక్కడ ఎలాగో సరిపోయింది. లిఫ్టులు బాగుచేసేవాళ్ల ఏజెంటు "నోరు బాగా తెరవండి" అనేసరికి బేరం కాస్తా ఎగిరిపోయింది.

మేనేజరు బావను గదిలోకి పిలిచి తలుపేశాడు.

"ఏమయ్యా, లిఫ్టుకు నోరెక్కడుంది?"

"తలుపే కదా సార్, ఒక రకంగా..."

"ఆపు! సాయంత్రంలోగా లేబుళ్లన్నీ ఉన్నదున్నట్టు రాయి. నీవే కాదు, అందరివీను. ఇంకొక్క ఏజెంటు తప్పుగా తయారైందో, మళ్లీ ఈ గడప తొక్కకు."

"ఉన్నదున్నట్టా? మీరా?" ఫోన్‌లో భార్య పడీపడీ నవ్వింది. "దానికంటే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడం తేలికండీ."

బావకు పౌరుషం వచ్చింది. ఊపిరి బిగబట్టి నిజాలు రాశాడు. 'పళ్లకు తప్ప పనికిరాదు.' 'పలకరిస్తుంది, జవాబు వినదు.' 'బిల్లు వేస్తుంది, కూడిక కుదిరితే మీ అదృష్టం.' ఆ ముక్కలు రాసినవాళ్లే నేలచూపులు చూస్తూ ఒప్పుకున్నారు.

మర్నాడు మంచాలు అమ్మే కంపెనీ వాళ్లొచ్చి కూర్చున్నారు. మేనేజరు దర్జాగా బటన్ నొక్కాడు. ప్రోగ్రాం లేబుళ్లన్నీ గాలించి, 'ఈ పనికి తగిన ముక్క ఒక్కటీ లేదు' అని చేతులెత్తేసింది.

మేనేజరు బావను రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కెళ్లాడు.

"తప్పుగా ఒక్కటీ తయారవలేదు సార్, చూశారుగా!"

"కొంప ముంచావు కదయ్యా! వాళ్లు టీ తాగేలోపు లేబుళ్ల మీద మళ్లీ కోతలు కోసెయ్. మరీ ముల్లోకాలొద్దు, రెండు చాలు."

బావ చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు. కప్పులు ఖాళీ అయ్యేసరికి ఏజెంటు తయారైంది, మంచాలవాళ్లు మురిసిపోయి సంతకం పెట్టారు.

బావ ఉద్యోగానికి ఇప్పుడు ఢోకా లేదు. లేబుళ్లన్నీ అతనే రాయాలని మేనేజరు హుకుం. ఎవరు ఏ ముక్క తెచ్చినా, అది ఏం చేస్తుందని బావ అడగడు. అడిగితే చెయ్యి ఆగిపోతుందట.