పచ్చడి అయిపోయినా ఆగని ఎరుపు

"ఏరా, ఇంకా ఎర్రగానే వస్తోంది" అని బావ బాత్‌రూమ్‌లోంచి అరిచిన రోజు ఆదివారం. పచ్చడి సీసా అంతకు వారం ముందే ఖాళీ అయింది. అక్క గరిటె పక్కన పెట్టి నా వైపు చూసింది. ఆ మాటకు మా ఇంట్లో ఎవరూ నవ్వకపోవడం అదే మొదటిసారి.

అంతకుముందు ఎందుకు నవ్వేవాళ్ళమో చెప్పాలి. అప్పుడు 2006. ఆక్లాండ్‌లో, మౌంట్ రాస్కిల్‌లో ఒక అద్దె ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం: అక్క, బావ, చదువు పేరుతో వచ్చి వాళ్ళ సోఫాను ఆక్రమించిన నేను. బావ ఆఫీసులో పనిచేసే ఒక పోలండ్ పెద్దాయన, చలికాలానికి ముందు మమ్మల్ని పైన్ తోటకు తీసుకెళ్ళి శాఫ్రన్ మిల్క్ క్యాప్ అనే పుట్టగొడుగులు చూపించాడు. అవి పైన్ వేళ్ళను అంటిపెట్టుకునే బతుకుతాయి. కోస్తే క్యారట్ రంగు పాలు కారతాయి, చెయ్యి తగిలిన చోట ఆకుపచ్చగా మారతాయి. "తిన్నాక ఒక రోజు యూరిన్ ఎర్రగా వస్తుంది, భయపడకండి" అని కూడా చెప్పాడు. అలాగే వచ్చింది.

పోలండ్ వాళ్ళు వాటిని వెన్నలో వేయించుకుని, సీజన్ అయ్యాక మర్చిపోతారట. మేం భీమవరం వాళ్ళం. బావ సంచులు నింపి తెచ్చాడు, అక్క వాటిని వేయించి, ఆవపిండీ కారమూ కలిపి, నూనె పోసి నిల్వపచ్చడి పెట్టేసింది. ఇక ఆ సీజన్‌కు అంతం లేదు. పెరుగన్నంలోకి బావకు అదే ఉండాలి. "మనింట్లో హోలీ ఏడాది పొడవునా" అని బాత్‌రూమ్‌లోంచి వస్తూ ప్రకటించేవాడు. ఆ ఎరుపు చాటున ఇంకో ఎరుపు ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు.

సోమవారం జీపీ దగ్గరికి, అంటే అక్కడి ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం.

"పెయిన్ ఉందా?"

"అస్సలు లేదు" అన్నాడు బావ, క్లాసులో ఫస్ట్ వచ్చినంత ధీమాగా.

"అదే నాకు నచ్చడం లేదు" అంది డాక్టర్.

పచ్చడి కథంతా ఓపిగ్గా విని, యూరిన్ శాంపిల్ కోసం బావ చేతిలో ఒక డబ్బా పెట్టింది. టెస్ట్‌లో రక్తం కనబడింది. అల్ట్రాసౌండ్, సీటీ స్కాన్, తర్వాత కెమెరా గొట్టం పంపి చూసే సిస్టోస్కోపీ, బయాప్సీ. యూరాలజిస్ట్ కాగితం మీద బొమ్మ గీశాడు. "బ్లాడర్‌లో క్యాన్సర్ ట్యూమర్. కండరంలోకి దిగింది. పుట్టగొడుగులు దీన్ని తేలేదు, మీకు కనబడనివ్వలేదంతే."

బావ ఆ బొమ్మను పరీక్షగా చూసి, "ఈయనకు డ్రాయింగ్ రాదురా, బంగాళాదుంపలా ఉంది" అని తెలుగులో అన్నాడు. అక్క నవ్వింది. ఆ నవ్వు పూర్తి కాకుండానే ఏడుపయింది.

ముందు కీమో. తర్వాత సర్జరీ చేసి బ్లాడర్ తీసేశారు, పొట్ట మీద యూరిన్ బ్యాగ్ పెట్టారు. దాన్ని మార్చడం నర్సు నాకూ నేర్పింది.

"నిన్ను మేపినందుకు ఇన్నాళ్ళకు ఒక ఉపయోగం కనబడిందిరా బామ్మర్దీ."

"పెళ్ళిలో నీకు గొడుగు పట్టింది చాల్లేదా బావా?"

"నవ్వించకు వెధవా, కుట్లు లాగుతున్నాయి."

కొన్ని నెలలు బాగానే గడిచాయి. బావ మళ్ళీ ఆఫీసుకు వెళ్ళాడు, నా వంటకు వంకలు పెట్టాడు. ఇక గట్టెక్కామనుకున్నాం. తర్వాతి స్కాన్‌లో లివర్ మీద మచ్చలు కనిపించాయి. "ఇక క్యూర్ గురించి కాదు, కంఫర్ట్ గురించి మాట్లాడుకుందాం" అంది ఆంకాలజిస్ట్. అక్కకు ఇంగ్లీషు నాకన్నా బాగా వచ్చు. అయినా నా చెయ్యి పట్టుకుని, "తెలుగులో చెప్పరా" అంది. 

బావ ఒక మధ్యాహ్నం, ఇంట్లోనే, అక్క పక్కన ఉండగా పోయాడు. నాతో ఆఖరుగా అన్న మాట, "కారు సర్వీసింగ్ మర్చిపోకు." ఆఖరి మాటలు గొప్పగా ఉంటాయని ఎవరైనా అనుకుంటుంటే, ఉండవు.

ఇప్పుడు అక్క మళ్ళీ ఉద్యోగానికి వెళ్తోంది. నాకూ ఉద్యోగం వచ్చింది, సోఫా మాత్రం వదల్లేదు. భోజనాల దగ్గర జోకులు వేస్తూనే ఉంటాను. బావ తిరిగి తిట్టాల్సిన చోట అక్క లేచి కంచాలు తీసేస్తుంది. 

చదివేవాళ్ళకు ఒక్క మాట. యూరిన్ ఎర్రగా కనబడితే, కారణం పుట్టగొడుగో బీట్‌రూటో మీకు ఖాయంగా తెలిసినా, నొప్పి లేకపోయినా, టెస్ట్ చేయించుకోండి. ఏమీ లేదని తేలితే డాక్టర్ నవ్వుతుంది. మీరూ నవ్వేసి, ఇంటికి వచ్చి అన్నం తినండి.