పెరుగు గిన్నెతో వేగం బండెక్కిన వైనం

ఈ ఘోరం జరిగిన రోజునే రాసి ఉండేదాన్ని. కానీ అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. మా నాన్న హుమ్మ అనే ఊళ్ళో ఉప్పు మళ్ళలో పనిచేసేవాడు. ఆడపిల్లకి చదువెందుకని ఆయన అనలేదు, అసలా ప్రశ్నే మా ఇంట్లో పుట్టలేదు. నేను రాయలేకపోయేసరికి బరంపురంలో మా లంజిపల్లి వీధంతా ఈ కథని తలో రకంగా చెప్పుకుంది. ఒకరి కథలో నేను పట్టాల మీద పడుకున్నాను. ఇంకొకరి కథలో డ్రైవరు చెంప పగలగొట్టాను. అన్నీ అబద్ధాలు. నిజం అంతకన్నా సిగ్గుచేటు గనక వినండి.

మా ఆయన సైకిళ్ళకి పంచర్లు వేస్తాడు. మాట్లాడితే మాత్రం ప్రపంచంలోని వేగం బళ్ళన్నీ ఆయన చేతిమీదుగా నడుస్తున్నట్టే ఉంటుంది. గిరాకీ లేనప్పుడల్లా ఫోనులో వాటినే చూస్తాడు.

"జపానోల్ల బండి ముక్కు లకుముకి పిట్ట ముక్కుని సూసి సేసినారే!"

"పిట్టైతే సేపని పడతాది. బండేటి పడతాది?"

"సైనాలో ఒకటుంది. పట్టాలకి ఆనకుండా గాల్లో తేల్తాది."

"కాళ్ళు నేలకానకుండా తిరిగేదాన్ని దెయ్యమంటారు."

"ఇంకో బండిలో కిటికీ అంచున రూపాయి బిళ్ళ నిలబెడితే పడిపోదట. అంత నున్నగా ఎల్తాది."

"నాను నమ్మను."

ఆ నమ్మకపోవడమే నా కొంప ముంచింది.

మా కోడలు లతకి భువనేశ్వర్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు ఉద్యోగానికి మధ్యాహ్నం ఇంటర్వ్యూ. అప్పటికే చాలా చోట్ల కాదనిపించుకుంది పిల్ల. "ఇది కూడా పోతే ఇంక ఉద్యోగం ఊసెత్తను అత్తా" అంది. అందుకే బరంపురంలో ఆగే కొత్త వేగం బండికి టిక్కెట్టు తీశాం. కోసు ముక్కుతో, తెల్లగా అది వచ్చి నిలబడగానే మా ఆయన పెళ్ళికొడుకుని చూసిన మామగారిలా మురిసిపోయాడు. "ఆ జపాను బళ్ళకి ఇది ఏలిడిసిన సుట్టమే!" అన్నాడు.

ఇక్కడ మా ఇంటి ఆచారం చెప్పాలి. ఎవరినైనా బండెక్కిస్తే మేమూ ఎక్కుతాం. సంచి సర్ది, పక్క సీటువాళ్ళకి "మా పిల్ల జాగ్రత్త" అని అప్పగించి, చెంచాడు పెరుగూ పంచదారా నోట్లో పెట్టి, బండి కదిలాకే దిగుతాం. ముందే దిగితే 'ఎప్పుడు పోతుందా అని చూస్తున్నారు' అనుకోరూ? పెళ్ళయిన నాటినుంచి ఇలాగే దిగుతున్నాను. ఒక్కసారీ తూలలేదు.

లతని కూర్చోబెట్టి చెంచా దాని నోటిదాకా తెచ్చాను. సరిగ్గా అప్పుడు తలుపు దగ్గర ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మా ఆయన తుమ్మాడు. ఒంటి తుమ్ము! ఇంకొకటి తుమ్మితే దోషం పోయేది. ముక్కు నలుపుకున్నా రాలేదు.

"దిగు" అన్నాను లతతో.

"బండి ఎంతోసేపు ఆగదు అత్తా!"

"దిగి, గుక్కెడు నీల్లు తాగి, కుడికాలెట్టి మల్లీ ఎక్కు. సీటుకి నాను కాపలా ఉంటాను."

"తుమ్మితే నా ఉద్యోగమెందుకు పోతాది?"

"తుమ్మినోడు మీ మామ. ఎల్లు!"

ఎదురు చెప్పే పిల్ల కాదు, దిగింది. మా ఆయన నీళ్ళ సీసా మూత తిప్పుతున్నాడు. తిప్పుతూనే ఉన్నాడు. నేను దాని సీట్లో దర్జాగా కూర్చుని కుదుపు కోసం చూస్తున్నాను, కుదిపితే దిగుదామని. గిన్నెలో పెరుగు తొణకలేదు. కిటికీలోంచి చూస్తే మా ఆయనా లతా వెనక్కి పోతున్నారు.

"ఎనక్కి నడుస్తారేటి ఈల్లు?" అనుకున్నాను. తర్వాత మంచినీళ్ళ కుళాయి కూడా వెనక్కి నడిచింది. అప్పుడు అర్థమైంది.

పరిగెత్తాను. తలుపు తనంతట తనే మూసుకుపోయింది. లాగుదామంటే గడియైనా లేదు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళారంటారు. ఇక్కడ పెళ్ళికూతురు వీధిలో ఉండిపోయి, పిల్లి ఒక్కతే పల్లకీలో ఊరేగింది. పైగా లత చదువు కాగితాలున్న సంచి ఆ పిల్లి ఒళ్ళోనే ఉంది.

"టికెట్టు, మావుసీ?" టీసీ ఒడియాలో, పిన్నీ అని వరస కలిపి అడిగాడు. నేనూ ఒడియాలోనే చెప్పాను.

"టిక్కెట్టు బరంపురంలో ఉండిపోయింది బాబూ. నీళ్ళు తాగుతోంది."

"మరి మీరెవరు?"

"సాగనంపడానికి వచ్చినదాన్ని."

"ఎంతదాకా సాగనంపుతారు?"

పెట్టె మొత్తం నవ్వింది. బండిని వెనక్కి తోలమన్నాను. "ఇది ఎద్దుబండి కాదు మావుసీ" అన్నాడు.

ఇంతలో మా ఆయన ఫోను. "ఎక్కడున్నావే?"

"నీ జపాను సుట్టం కడుపులో!"

"ఎందుకు దిగలేదు?"

"కుదపలేదు!"

"సెప్పినానా లేదా? రూపాయి బిళ్ళ పడదని సెప్పినానా లేదా?"

కోడలి బతుకు గాల్లో తేలుతుంటే ఆ మనిషికి పందెం గెలిచిన సంబరం! లత ఫోను లాక్కుంది. "ఏడకు అత్తా. ఎనకాల బండికి వస్తన్నాను. భువనేశ్వర్‌లో దిగినకాడే నిలబడు. సంచి ఒదలకు."

భువనేశ్వర్ వచ్చిందని నాకెలా తెలియాలి? తలుపు పైన ఎర్రటి అక్షరాలు చీమల బారులా పాకుతున్నాయి. పక్కన చిలికా సరస్సు పోతున్నా చూడలేదు, ఆ చీమలనే చూశాను. బండి నెమ్మదించినప్పుడల్లా "ఇదేనా?" అని టీసీ ప్రాణం తీశాను. చివరికి అతనే చెయ్యి పట్టుకుని దింపాడు, మళ్ళీ తలుపు మూసుకుంటే తనకే తలనొప్పని కాబోలు.

వెనకాల బండి వచ్చింది. కిక్కిరిసిన జనంలోంచి జుట్టు రేగిపోయి లత ఊడిపడింది. సంచి అందుకుని పరుగు.

"ఆగు!"

"ఏటి అత్తా!"

"పెరుగు!"

నోరు తెరిచింది. పెట్టాను. అప్పటికి పులిసిపోయింది. ఆ పులుపు మొహంతోనే ఆటో ఎక్కింది.

అందరికన్నా ఆఖర్న పిలిచారట. ఆలస్యమెందుకని అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పిందట. వాళ్ళు కళ్ళు తుడుచుకునేదాకా నవ్వి, "ఇంత గాభరాలోనూ అత్తగారిని ఏడవొద్దన్న అమ్మాయి రోగుల దగ్గర పనికొస్తుంది" అని ఉద్యోగం ఇచ్చారట. సంగతి వినగానే మా ఆయన, "సూసినారా నా తుమ్ము మహిమ!" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో, కుదుపులకి ఎముకలు మోగే మామూలు బండిలో, ఖాళీ గిన్నె మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఒకరిని సాగనంపడానికెళ్ళి తలుపులున్న దేనిలోనూ కాలు పెట్టను. ప్రేమ లేనిదాన్నని లోకం అనుకున్నా సరే.

మర్నాడు పొద్దున్న వాకిలి కడిగి, ముగ్గు డబ్బా తీసి లతని పిలిచాను. "బరంపురం అని ఎలా రాస్తారో సూపించు."

"టేసన్ బోర్డు మీద తెలుగుండదు అత్తా."

"ఆ అక్షరాలు తరవాత. ముందు నన్ను నాను తిట్టుకోడానికి నా బాస కావాల."

లత నా చెయ్యి పట్టుకుని 'బ' వేయించింది. వంకరగా వచ్చింది. మా ఆయన సైకిలు బయటికి తీస్తూ, "ఇదేటి ముగ్గే?" అని వంగి చూసి తుమ్మాడు. ఒంటి తుమ్ము.

లత నా వైపు చూసింది.

నేను 'ర' వేశాను.