మీటరు దాచుకున్న తప్పులు

2022లో మార్కాపురంలో, తర్లుపాడు రోడ్డు పక్కన ఒక షెడ్డులో బోరు మోటార్ల స్టార్టర్లకు పెట్టే కంట్రోల్ బోర్డులు తయారుచేసేవాళ్లం. బోర్డులు బయటికి పోయే ముందు పరీక్షించే బాధ్యత నాది. నాతోపాటు టెస్టింగ్ బల్ల దగ్గర వెంకటసుబ్బయ్య ఉండేవాడు. యాభై దాటిన మనిషి. వరసేమీ లేకపోయినా చిన్నాయనా అనే పిలిచేదాన్ని. పాత మీటరు నాబును టిక్కులు లెక్కపెట్టుకుంటూ చూడకుండానే తిప్పగలడు. రీడింగులు ముందు పలక మీద రాసుకుని సాయంత్రం రిజిస్టరుకెక్కించేవాడు. పలకల ఊళ్లో కాగితం దండగ అనేవాడు.

ఆ ఏడు కొత్త మీటరు వచ్చింది. కంప్యూటరు నుంచి కేబుల్ మీదుగా ఆదేశాలు పంపితే పనిచేస్తుంది. MEAS:VOLT? అని పంపితే వోల్టేజి కొలిచి అంకె తిరిగి పంపుతుంది. చివర ప్రశ్నార్థకం ఉంటే మీటరు జవాబివ్వాలి, మనం ఆగి అందుకోవాలి. ఆ ప్రోగ్రాము నేనే రాశాను, రాశానని కాస్త పొగరు కూడా ఉండేది. చిన్నాయనకు బోర్డు బిగించడం, తెరమీది అంకె పలక మీదికి దించుకోవడం మిగిలాయి.

రెండు నెలలకు కొన్ని బోర్డులు తిరిగొచ్చాయి. ఒక రైతు మోటారు కాలిపోయిందట. రిజిస్టరు తిరగేస్తే అక్కడక్కడా పై వరసలో ఉన్న అంకే కింది వరసలోనూ ఉంది. "చూసి రాయకుండా పైది దించేస్తున్నాడు. సోమవారం నుంచి ప్యాకింగుకు పంపు," అన్నాడు ఓనరు. నాకూ అదే అనుమానం.

"ఏంది చిన్నాయనా, ఇట్ల చేసినావు?" అని గట్టిగానే అడిగాను.

"నేనే తప్పు రాసినానేమోలే అమ్మా," అని పలక తుడిచి పక్కన పెట్టాడు. ఇరవై ఏళ్లు కూర్చున్న బల్ల అది. లేచి రెండడుగులు వేసి ఆగాడు. "ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోవాకమ్మా. ఒక్కోతూరి అంకె ముందు పడి, మీటర్లో టిక్కు తర్వాత వినపడతాంది. అట్ల ఉండొచ్చా?"

ఉండకూడదు. మీటరు రేంజి, అంటే కొలిచే హద్దు, మార్చుకునేటప్పుడు వచ్చే చప్పుడది. అది అయ్యాకే అంకె రావాలి.

ఈ మీటరు తప్పు జరిగితే అరవదు, లోపల వరసగా దాచుకుంటుంది. SYST:ERR? అని అడిగితే ఒక్కొక్కటే బయటపెడుతుంది. నేను ఒక్కసారీ అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు అడిగాను. జవాబు అందుకోకముందే ఇంకో ఆదేశం పంపారని వచ్చింది. మళ్లీ అడిగితే మళ్లీ అదే. రేంజి మారడం కాస్త ఆలస్యమైతే చాలు, నా ప్రోగ్రాము ఆగలేక ముందు బోర్డు పాత అంకెనే తెరమీద వేసి ముందుకు పోతోంది. చిన్నాయన కనపడింది కనపడినట్టే రాశాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. "తప్పు నాది చిన్నాయనా. నువ్వు సరిగ్గానే రాసినావు. మరి నీ మీద ఎందుకు వేసుకున్నావు?"

"ఎడమ కన్ను ఆనడంలేదమ్మా. పొర వచ్చిందంట. చెప్తే ఈ బల్లకాడ్నించి లేపుతారని దాచుకున్నా. నా కన్నును నేనే నమ్మలేక, తప్పు నాదేమో అనుకున్నా."

"ఎన్నాళ్ల నుంచి?"

"కొత్త మీటరు రాకముందు నుంచే."

రోజూ పక్కనే కూర్చుంటూ, ఆయన పలకను ముఖానికి దగ్గరగా ఎత్తి పట్టుకోవడం చూస్తూనే ఉన్నాను. ఒక్కసారి అడగలేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఓనరుకు నా తప్పూ చెప్పాను, దాన్ని పట్టింది చిన్నాయన చెవి అనీ చెప్పాను. ఆయన ప్యాకింగు మాట మళ్లీ ఎత్తలేదు. జవాబు వచ్చేదాకా ఆగేలా ప్రోగ్రాము మార్చి, తిరిగొచ్చిన బోర్డులన్నీ ఇద్దరం మళ్లీ పరీక్షించాం. తర్వాత ఒంగోలులో చిన్నాయన కంటికి ఆపరేషన్ అయింది. నెల తిరక్కుండా నల్లద్దాలతో వచ్చి అదే బల్ల దగ్గర కూర్చున్నాడు.

ఇప్పుడు పొద్దున్నే మీటరు వేయగానే ముందు దాచుకున్న తప్పులేమైనా ఉన్నాయా అని అడుగుతాను. తర్వాత పక్కకు తిరిగి, "ఎట్లున్నావు చిన్నాయనా?" అంటాను.

"నాకేమమ్మా, బాగుండా," అంటాడు వెంటనే. నేను ఇంకాసేపు ఆగుతాను.