గుహ లెవెల్ మళ్లీ మొదటి నుంచి

2024 వానాకాలం. అప్పటికి కొన్నేళ్లుగా హిందూపురంలో మా మేడ మీది గదినే స్టూడియో చేసుకుని పనిచేస్తున్నాను. గోడలకు పాత బొంతలు, కిటికీకి మందపాటి పరదా, బల్ల మీద ల్యాప్‌టాప్, పక్కన చిన్న కీబోర్డు. పుట్టింది పెనుకొండలో. అక్కడి చర్చిలో కీర్తనలకు వాయిస్తూ సంగీతం నేర్చుకున్నాను. ఇప్పుడు చేసేది పాత వీడియో గేముల పాటల్ని లో-ఫైలోకి మార్చడం. ఏం పని చేస్తావని అడిగినవాళ్లకు ఈ మాట చెప్తే కాసేపు నా ముఖం చూసి, "అది సరేమ్మా, ఉద్యోగమేం చేస్తాండావు?" అంటారు.

లో-ఫై అంటే పాటను కావాలనే కాస్త మసకగా, బద్ధకంగా చేయడం. పాత గేముల్లో పాట కీచుమంటూ పరుగెత్తుతుంది. దాని వేగం తగ్గించి, ఆ కీచు స్వరాల్ని మెత్తటి పియానోకి ఇచ్చి, కింద నెమ్మదిగా నడిచే డ్రమ్ము వేస్తాం. ఆ పైన టెక్స్చర్ అని ఒక పొర పరుస్తాం. అరిగిన రికార్డు చిటపటలో, వాన చప్పుడో అందులో ఉంటాయి. చదువుకునేవాళ్లు, నిద్ర పట్టనివాళ్లు వింటారు. నా పాట బాగా లేకపోతే ఆపేసి ఇంకోటి పెట్టుకుంటారు, అంతే. నేను చిన్నప్పటి నుంచీ భయస్తురాలిని. ఎవరికీ నష్టం లేని పని కాబట్టే ఇది నాకు సరిపోయింది.

ఆ నిశ్చింత ఒక ఫోనుతో పోయింది.

"అక్కా, నా పేరు పద్మావతి. ధర్మవరం నుంచి మాట్లాడ్తాండా. మా ఇంటాయన రామాంజి మగ్గం నేస్తాడు. నీ పాటలు ఫోన్లో పెట్టుకోని నేస్తాంటాడు. ఆయప్పకు ఒక పాట చేసియ్యల్లక్కా, ఆస్పత్రికి."

ఆస్పత్రికి పాటేమిటో నాకు అర్థం కాలేదు. ఆమె ఆగి ఆగి చెప్పింది. రామాంజి చేతులు మొద్దుబారుతున్నాయి. పట్టుపోగు వేళ్ల మధ్య ఉందో లేదో తెలియడం లేదు. మెడ దగ్గర నరాన్ని ఏదో నొక్కుతోందని, అదేమిటో ఎం.ఆర్.ఐ. తీస్తే తప్ప ఆపరేషన్ చేయలేమని డాక్టరు చెప్పాడు. ఆలస్యం చేస్తే పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చని కూడా చెప్పాడు. ఎం.ఆర్.ఐ. అంటే గొట్టం లాంటి మిషన్లోకి మనిషిని పడుకోబెట్టి తోస్తారు. దాదాపు అరగంట కదలకుండా ఉండాలి. రామాంజిని లోపలికి తోయగానే అరిచి బయటికి వచ్చేశాడు. మత్తు ఇచ్చి తీద్దామంటే అతనికి ఆయాసం ఉంది, డాక్టరు ఒప్పుకోలేదు.

"ఆ మిషనాయన చెప్పినాడక్కా, చెవులకు పెట్టి పాట వినిపిస్తారంట. ఈయప్పేమో చిన్నప్పుడు ఆడిన వీడియో గేమ్ పాటుంటే పండుకుంటా అంటాడు. నువ్వైతే నెమ్మదిగా చేస్తావు కదా."

వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో ఆమె ఫోను భర్తకిచ్చింది. ఆయన పలకరింపు కూడా లేకుండా, సిగ్గుపడుతూ, రాగం తీయడం మొదలుపెట్టాడు. గేమ్ పేరు ఆయనకు తెలియదు. బడి ఎగ్గొట్టి, ఒకరి ఇంట్లో టీవీ ముందు అద్దెకు ఆడిన గేమ్. మొదట పచ్చిక మైదానం, తర్వాత గుహ, తర్వాత నీటి అడుగు, చివర కోట. నాలుగింటికీ నాలుగు పాటలు. ఎక్కడా తడుముకోకుండా పాడాడు. అంత నమ్మకంగా పాడిన మనిషికి కాదని చెప్పడం నా వల్ల కాలేదు.

పెనుకొండలో మా అన్న టీవీలు రిపేరు చేస్తాడు. పాత వీడియో గేమ్ క్యాసెట్లు ఓ గోతం నిండా దాచిపెట్టాడు. అందులో వెతగ్గా వెతగ్గా ఆ గేమ్ దొరికింది. నాలుగు పాటల్నీ రికార్డు చేసుకుని ఇంటికి తెచ్చి పనిలోకి దిగాను. మిషన్ చప్పుడు భయంకరంగా ఉంటుందని విన్నాను కాబట్టి దాన్ని కప్పేయాలని వాన పొరను మామూలుకంటే గట్టిగా పెట్టాను. మా సీమలో వాన చప్పుడు చేదైనవాడు ఉంటాడని ఎవరైనా అనుకుంటారా? నేనూ అనుకోలేదు.

స్కానింగ్ సెంటర్ హిందూపురంలోనే ఉంది. ఆ రోజు నేను వెళ్లలేదు. ఇంట్లో కూర్చుని ఫోను వైపు చూస్తూ ఉన్నాను. అనుకున్నదానికంటే చాలా ముందే మోగింది.

"కాలేదక్కా," అంది పద్మావతి. "పాట మొదలైన కాసేపటికే బెల్లు నొక్కేసినాడు. ఒళ్లంతా చెమట. ఏమైందప్పా అంటే చెప్పడు."

ఇంకొక్కసారి ప్రయత్నిద్దామని, అదీ కాకపోతే వేరే పెద్ద ఊరికి పోయి తేదీ కోసం ఎదురు చూడాల్సిందేనని సెంటర్లో అన్నారట. అప్పటికి ఎడమ చేతి బొటనవేలు కూడా మొద్దుబారడం మొదలైంది. పాటను పదే పదే విన్నాను. ఎక్కడా తప్పు దొరకలేదు. తప్పు దొరక్కపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఆ మరుసటి వారం రైలెక్కి ధర్మవరం వెళ్లాను. వాళ్లది రేకుల ఇల్లు. ముందు గదంతా మగ్గమే. గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి, అంచున కూర్చుని నేస్తారు. మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఆగిపోయి ఉంది. రామాంజి సన్నగా, మర్యాదగా ఉన్నాడు. నాకు స్టీలు గ్లాసుతో కాఫీ ఇస్తూ రెండు చేతులతో పట్టుకున్నాడు, జారిపోతుందేమోనని.

"పాట బాగుండాదక్కా. నీ తప్పేం లేదు. నాకే ఏందో గుండె దడ," అన్నాడు.

"యాడ మొదలైంది అన్నా దడ? గుహ కాడా?"

"ల్యా. మైదానం కాడ్నే."

ఇంకేదో అడగబోతున్నాను. పైన రేకుల మీద నాలుగు చినుకులు పడ్డాయి.

రామాంజి మాట మధ్యలో వదిలేసి లేచాడు. పద్మావతి వంటింట్లోంచి పరుగున వచ్చింది. ఇద్దరూ ఒక్క మాట అనుకోకుండా ప్లాస్టిక్ పట్ట తీసి మగ్గం మీది పడుగు దారాలపై కప్పారు. ఆమె గడప దగ్గర ఇసుక మూటలు అడ్డం పెట్టింది. పట్ట అంచును బిగించబోతే రామాంజి వేళ్లు పట్టు తప్పాయి, మోచేత్తో నొక్కి పట్టాడు. ఆ చినుకులు కాసేపటికే ఆగిపోయాయి. ఆయన గుంత అంచున కూర్చుని లోపలి మట్టిని కాలితో తడిమి చూశాడు, తడి ఊరిందేమోనని.

"పోయినేడాది వానకు గుంతలోకి నీళ్లొచ్చె," అన్నాడు కిందికి చూస్తూనే. "మేము ఊళ్లో ల్యాకపోతిమి. వచ్చేసరికి పడుగంతా నాని రంగు దిగిపోయె. ఒక పెండ్లి చీరక్కా అది."

నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఈయన నా పాటలు మగ్గం దగ్గర, ఫోన్ స్పీకర్లో వినేవాడు. మగ్గం పలక దెబ్బల చప్పుడులో, పాట అడుగున ఉన్న వాన ఏ రోజూ ఆయన చెవిన పడలేదు. మిషన్లో మాత్రం రెండు చెవుల్లోకీ నేనే పోశాను.

"పాటలో వానుండాది కదన్నా?"

ఆయన తలెత్తాడు. తనకీ అప్పుడే తెలిసినట్టుంది. "అవునక్కా. వాన పడ్తాంది. లేసేదానికి ల్యా, కాలు కదిలించేదానికి ల్యా. ఆడ మగ్గం మునిగిపోతాంటే నేనీడ ఊరికే పండుకోనుండా అనిపిచ్చె."

తిరుగు రైలులో కిటికీ పక్కన కూర్చుని సిగ్గుతో చచ్చిపోయాను. మళ్లీ అదే రైలులో పాట మొత్తం కొత్తగా ఆలోచించుకున్నాను. వాన తీసేస్తే మిషన్ చప్పుడు బయటపడుతుంది. అయితే పడనీ అనుకున్నాను. స్కానింగ్ సెంటర్లో టెక్నీషియన్ ఖాదర్ దగ్గరికి వెళ్లి మిషన్ చేసే చప్పుళ్లు రికార్డు చేసివ్వమని అడిగాను. ఆయన వింతగా చూసినా ఇచ్చాడు. ఎం.ఆర్.ఐ. ఒకే చప్పుడుతో సాగదు. సీక్వెన్స్ అని ఒక్కో విడత, ఒక్కో విడతకు ఒక్కో లయ. ఒకటి దడదడ, ఒకటి టకటక, ఒకటి కీచుమనే మోత. రామాంజి మెడకు తీసేది నాలుగు విడతలు. గేములో నాలుగు లెవెళ్లు. ఇక నేను డ్రమ్ము వేయలేదు. మిషన్ చప్పుడే డ్రమ్ముగా ఉండేట్టు ఒక్కో పాట నడకను ఒక్కో విడతకు సరిపెట్టాను. ప్రతి పాటనూ లూప్ చేశాను, అంటే ఎంతసేపైనా తెగకుండా తిరిగేట్టు. విడత మారగానే నేను పాట మార్చాలి. అందుకు ఈసారి నేనూ అక్కడ ఉండాలి.

రామాంజికి ఒకటే మాట చెప్పాను. "అన్నా, ఎంతసేపైందని అనుకోవద్దు. ఏ లెవెల్లో ఉండావో చూసుకో. కోట వచ్చిందంటే అయిపోయినట్టే."

ఆ ఉదయం అద్దం వెనక గదిలో ఖాదర్ పక్కన కూర్చున్నాను. ల్యాప్‌టాప్, చిన్న కీబోర్డు బల్ల మీద సర్దుకున్నాను. అద్దంలోంచి మాకు కనిపించేవి రామాంజి పాదాలు, పొట్ట మీద పెట్టుకున్న చేయి, ఆ చేతిలో రబ్బరు బుడ్డి. భయమేస్తే దాన్ని నొక్కాలి, మా గదిలో బెల్లు మోగుతుంది. వేళ్లకు పట్టు లేదని దాన్ని అరచేతికి కట్టారు. నేను మనసులో ప్రార్థన మొదలుపెట్టాను గానీ మాటలు గుర్తు రాలేదు.

మైదానం పాట మొదలైంది. మిషన్ దడదడలాడింది. పాట దానిమీద ఎక్కి కూర్చుంది. పాదాలు కదల్లేదు. విడత ముగిసింది, గుహ పాటకు మార్చాను. అదీ సాగింది. నా భుజాలు కాస్త దిగాయి. అప్పుడు ఖాదర్ నాలుక చప్పరించాడు.

"గుటక మింగినాడక్కా. బొమ్మ అలుక్కుపోయింది. ఈ విడత మళ్లా తీయల్ల."

గుహ తర్వాత నీళ్లు అని చెప్పి పడుకోబెట్టాను. గుహ పాటే ఇంకా నడుస్తుంటే, ఎక్కడో ఇరుక్కుపోయానని అనుకుంటాడు. నీళ్ల పాటకు మారిస్తే కోట ఒక విడత ముందే అయిపోతుంది, ఆ తర్వాత కూడా లోపలే ఉండాల్సి వస్తుంది. అప్పుడేం చేస్తాడో తలచుకోవడానికే భయమేసింది.

"మైకులో చెప్దామా?" అన్నాను.

"పోయినసారి బెల్లు నొక్కినాక నేను మైకులో పలకరిస్తే ఇంకా ఉలిక్కిపడినాడు. కదిలితే మొత్తం పోతాది. తొందరగా ఏదోటి చెప్పక్కా."

ఆ గేములో ఇంకో పాట ఉంది. పాట కూడా కాదు, ఏడెనిమిది స్వరాలు. ఆటలోని పొట్టి మనిషి గుంతలో పడి ఒక లైఫ్ పోయినప్పుడు మెట్లు దిగినట్టు వినిపిస్తుంది. నేను దాన్ని కావాలనే వదిలేశాను. ఆస్పత్రిలో చావు పాట ఎవరు పెడతారు? కానీ దాని తర్వాత ఏమవుతుందో ఆడినవాళ్లందరికీ తెలుసు. ఆట అయిపోదు. అదే లెవెల్ మొదటి నుంచి వస్తుంది.

గుహ పాట ఆపేశాను. కీబోర్డు మీద ఆ స్వరాల్ని వీలైనంత మెత్తగా, నెమ్మదిగా దించాను. బుడ్డి ఉన్న చేయి కదిలింది. నేను కళ్లు మూసుకున్నాను. బెల్లు మోగలేదు. కళ్లు తెరిస్తే ఆ చేయి పొట్ట మీద సర్దుకుని పడుకుంది.

"ఇంక మొదలుపెట్టు," అన్నాను ఖాదర్‌తో. గుహ పాట మొదటి స్వరం నుంచి వేశాను. మిషన్ టకటకమంది. ఈసారి గుటక లేదు. తర్వాత నీళ్లు. తర్వాత కోట.

బల్ల బయటికి జరిగింది. రామాంజి లేచి కూర్చుని, కళ్లు చికిలించి నన్ను వెతుక్కున్నాడు.

"అక్కా, గుహలో చచ్చిపోతినా?"

"గుటక మింగినావంటన్నా."

"చిన్నప్పుడూ ఆడ్నే పోతాండె నాకు," అన్నాడు. పద్మావతి నవ్వబోయి ఏడ్చేసింది. నేను కూడా ఆమె భుజం పట్టుకుని ఏడ్చాను. ఖాదర్ మర్యాదగా తెర వైపు తిరిగి బొమ్మలు చూసుకున్నాడు.

ఆపరేషన్ అయింది. తర్వాత చాలా రోజులు కబురు లేదు. ఫోను చేద్దామంటే ఏం వినాల్సి వస్తుందోనని నాకు ధైర్యం చాలలేదు. ఒక సాయంత్రం ఆయనే చేశాడు. వెనక మగ్గం చప్పుడు లేకపోయేసరికి నాకు భయం వేసింది.

"నేసేది ఇంకా ల్యాదక్కా, డాక్టరు ఆగమన్నాడు. పద్మ ఒక పోగు తెచ్చి కండ్లు మూసుకోమని వేళ్ల మధ్య పెట్టె. తెలుస్తాండాదక్కా. కుడిచేతికి బాగా, ఎడమచేతికి కొంచెం."

పోగు తగలడమంటే ఆయనకేమిటో అప్పటికి నాకు తెలుసు.

ఈ వృత్తిలో నాకు వచ్చిన విద్య అంతా స్వరాలదీ వేగానిదీ. ఒక చప్పుడు వినేవాడి ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుందో నాకు నేర్పింది రామాంజి. నేను హాయి అని పరిచిన పొర ఆయనకు గండం. నేను గండమని దాచిన స్వరాలు ఆయనకు ధైర్యం. ఏది ఏమిటో స్టూడియోలో కూర్చుంటే తెలియదు, అడగాలి. ఇప్పుడు కూడా నాకు పాట చేయమని చాలామంది ఫోను చేస్తుంటారు. వెనకాల మంచి వాన పెట్టండి మేడం అంటారు. పెడతాను. దానికి ముందు ఒక్క మాట అడుగుతాను, వాళ్లు నవ్వినా సరే.

"వానొస్తే మీ ఇంట్లో మొదట ఏం చేస్తారు?"